తలుపు తీసిన ఊరికి వెళ్తున్న మేనకోడలికి

చి.ల.సౌ. మైథిలికి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ కార్తీక్ జనవరి నెలాఖరులో మాల్దీవులకు వెళ్తున్నారని చెప్పాడు. రిసార్టులో కాకుండా ఆరి అటోల్‌లో, అంటే వలయంలా ఉన్న పగడపు దీవుల గుంపులో, జనం కాపురముండే చిన్న దీవిలో, గెస్ట్‌హౌస్‌లో అయిదు రోజులు ఉంటారట. ఆ దీవిలో గెస్ట్‌హౌస్‌లు మొదలై మూడేళ్లే అయిందట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, చెప్పాల్సినవన్నీ ఎలా చెప్పాలా అన్న ఆరాటం సగం. అందుకే పొద్దున్నే కాగితం ముందేసుకున్నాను. కాస్త పొడుగు ఉత్తరమే, తీరిగ్గా చదువుకో.

నీకు తెలుసుగా, మీ మావయ్యా నేనూ 1996 నుంచి 2003 దాకా ఏడేళ్లు ఆ దేశంలో పాఠాలు చెప్పాం. ఆయన ఫిజిక్సు, నేను లెక్కలు. అక్కడి బడుల్లో ఓ లెవెల్ అనే బ్రిటిషు పరీక్షలకు ఇంగ్లీషులో చదువు. మన దేశం నుంచీ శ్రీలంక నుంచీ టీచర్లను తీసుకునేవారు. ఉత్తరాన రా అటోల్‌లో ఒక దీవి బడికి వేశారు మమ్మల్ని. తిరువనంతపురంలో విమానమెక్కి రాజధాని మాలేలో దిగాం. అక్కణ్ణుంచి దోనిలో ఒక రాత్రంతా ప్రయాణం. దోని అంటే వాళ్ల పడవ. మన గోదావరి వాళ్లకు దోనె తెలుసు కాబట్టి ఆ మాట వినగానే నాకు సగం భయం పోయింది. తెల్లవారి జెట్టీ మీద కాలు పెట్టేసరికి ఊరి పెద్ద, ఖతీబు అంటారు, మా అనుమతి పత్రం తీసుకుని చదివాడు. నా ట్రంకుపెట్టె వైపు చూశాడు, మళ్లీ పత్రం చూశాడు. ఆ తర్వాత నవ్వి, ఒక పిల్లాడి చేత రెండు కొబ్బరి బొండాలు తెప్పించాడు. ఆ పత్రమే లేకపోతే బయటివాళ్లెవరూ అక్కడ రాత్రి ఉండటానికి లేదు.

ఇది నువ్వు గుర్తుంచుకోవాలి. ఆ దేశంలో టూరిజం 1972లోనే మొదలైంది. కానీ అది జనం లేని దీవుల్లో. ఒక దీవి, ఒక రిసార్టు. టూరిస్టులు అక్కడే దిగి, అక్కడే తిని, అక్కణ్ణుంచే వెళ్లిపోయేవారు. సుమారు 1,190 దీవుల్లో జనం ఉండేవి 200 లోపే. ఆ ఊళ్లను పరాయివాళ్లకు దూరంగా ఉంచారు. మహా అయితే రిసార్టువాళ్లు పగటిపూట పడవలో తీసుకొచ్చి, గంటో రెండు గంటలో చూపించి, చీకటి పడేలోపు వెనక్కి తీసుకెళ్లేవారు. 2008లో మొదటిసారి పలు పార్టీలు పోటీచేసిన అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో ఈ నియమాలు మారి, ఊళ్లలో మామూలు కుటుంబాలు గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోవడం మొదలైంది. అంటే పేరుకు దేశం ఎప్పుడో తెరిచినా, అసలు ఇళ్ల తలుపులు తీసింది మొన్న మొన్ననే. నువ్వు వెళ్లే దీవిలో మూడేళ్ల కిందట. ఆ ఊరి అమ్మమ్మలు పరాయి ఆడపిల్ల తమ వీధిలో నడిచి వెళ్లడం ఇప్పుడిప్పుడే చూస్తున్నారు. వాళ్ల కళ్లలో పడే మొదటి నలుగురైదుగురు తెలుగువాళ్లలో నువ్వూ ఒకదానివి కావచ్చు. చుట్టాల ఊరికి వెళ్తున్నట్టు వెళ్లమ్మా.

ముందు కాగితాల సంగతి చూద్దాం. మన పాస్‌పోర్టుకు ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక స్టాంపు వేస్తారు. మనవాళ్లు 90 రోజుల దాకా ఉండొచ్చు. రిటర్న్ టికెట్టు, గెస్ట్‌హౌస్ బుకింగు కాగితం చేతిలో పెట్టుకో. విమానానికి ముందు 96 గంటల్లోపు ఇముగా అనే ప్రభుత్వ సైటులో ఒక ఫారం నింపాలి. దానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. అదే పోలికతో డబ్బు గుంజే సైట్లు ఉన్నాయి, కార్డు నంబరు అడిగితే వెంటనే మూసెయ్యి. తిరుగు ప్రయాణానికీ ఇదే ఫారం మళ్లీ నింపాలి.

ఇక సామాను. ఇక్కడ మీ అమ్మ మీద ఒక కన్నేసి ఉంచు. కొత్త పెళ్లికూతురు సముద్రం దాటి వెళ్తోందని సూట్‌కేసు అడుగున చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టేస్తుంది. వదినకు ఆ అలవాటుంది. ఆ దేశ కస్టమ్స్ చట్టంలో పూజించే విగ్రహాలు తేకూడదని ఉంది. ఎయిర్‌పోర్టులో పెట్టె స్కాన్ చేసి తీసేస్తారు. దేవుడి విగ్రహం ఎవరో గ్లౌజులు వేసుకుని ట్రేలో పెడుతుంటే చూడలేవు. ఇంట్లోనే ఉంచు. నేను ఏడేళ్లు దీపం లేకుండా, గంట లేకుండా గడిపాను. తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని మనసులోనే విష్ణుసహస్రం చదువుకునేదాన్ని. దూరంగా మసీదు నుంచి పిలుపు వినిపించేది. నాకు ఏ లోటూ అనిపించలేదు. వాళ్ల రాజ్యాంగం ప్రకారం ఆ దేశ పౌరులంతా ముస్లింలే. వాళ్ల ఇంట్లో వాళ్ల పద్ధతి.

మందు సీసా కూడా వద్దు. దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా సరే, దిగగానే కస్టమ్స్‌వాళ్లు ఉంచుకుని, తిరిగి వెళ్లేటప్పుడు రసీదు చూసి ఇస్తారు. రిసార్టుల్లో మందు దొరుకుతుంది గానీ ఊళ్లలో దొరకదు. కార్తీక్ స్నేహితులెవరైనా వెంట వస్తుంటే వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, తేవద్దని కూడా చెప్పు, 2024 నవంబరు నుంచి ఆ దేశంలో నిషేధం. మందులైతే డాక్టర్ చీటీతో పాటు, అసలు అట్టపెట్టెల్లోనే పెట్టుకో. నొప్పి మాత్రల్లో కొన్ని అక్కడ నార్కోటిక్స్ కింద వస్తాయి.

డబ్బు దగ్గర రెండు సంగతులు. మన రూపాయలు అక్కడ చెల్లవు. డాలర్లు చిన్న నోట్లుగా, కొత్తవి, మడతలు లేనివి తీసుకెళ్లు. కిళ్లీకొట్టు లాంటి దుకాణాల్లో కొనడానికి వాళ్ల రుఫియాలు కొన్ని కావాలి. డాలరుకు 15.42 రుఫియాలు బ్యాంకు రేటు. రెండోది, గదికి చూపించే ధర చివరి ధర కాదు. టూరిజం మీద 17 శాతం పన్ను, చాలాచోట్ల 10 శాతం సర్వీసు ఛార్జీ కలుస్తాయి. ఇవి కాక గ్రీన్ ట్యాక్స్. యాభై గదులు లేదా అంతకు తక్కువ ఉండే గెస్ట్‌హౌస్‌లో మనిషికి రోజుకు 6 డాలర్లు. ఇద్దరికీ అయిదు రాత్రులకు 60 డాలర్లవుతుంది. బుకింగులో అవి కలిసి ఉన్నాయో లేదో ఇప్పుడే మెసేజ్ పెట్టి అడుగు. బయల్దేరే రోజు కౌంటర్ దగ్గర లెక్క తేలక మొహం మాడ్చుకోవడం ఎందుకు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది విమానం దిగే వేళ. కిందటేడు మా సహోద్యోగి కొడుకు ఇలాగే వెళ్లాడు. టికెట్టు చవగ్గా వచ్చిందని రాత్రి దిగే విమానం తీసుకున్నాడు. తీరా దిగాక ఆ దీవికి ఆఖరి స్పీడ్‌బోటు సాయంత్రమే వెళ్లిపోయింది. రాత్రికి ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్హుమాలేలో మరో గదికి, మర్నాడు మళ్లీ బోటుకు కట్టుకున్నాడు. టికెట్టు మీద మిగిలిందంతా ఒక్క రాత్రికే పోయింది. ఆరి అటోల్ దీవులకు స్పీడ్‌బోట్లు రోజుకు కొన్నే. సీప్లేన్లు పగలే తిరుగుతాయి. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక గానీ నెమ్మది, రోజూ ఉండదు, శుక్రవారం అసలే లేదు. శుక్ర, శనివారాలు అక్కడ సెలవులు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళకు ఊరు ఊరంతా మూతపడుతుంది. కాబట్టి మధ్యాహ్నంలోపు దిగే విమానం తీసుకో, గురువారంలోపు దీవికి చేరుకో. వాళ్ల గడియారం మనకంటే అరగంట వెనక. ఫోన్‌లో అదే మారుతుంది గానీ కార్తీక్ చేతి గడియారం మారదు.

నువ్వు వెళ్లేది మంచి కాలం. వాళ్లు సంవత్సరాన్ని రెండుగా చూస్తారు. ఇరువయి అనే ఈశాన్యపు గాలి, హుళంగు అనే నైరుతి గాలి. జనవరి నుంచి మార్చి దాకా ఇరువయిలో సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంటుంది. మే దాటాక వాన, అలలు. ఒకసారి జూన్‌లో మాలే నుంచి వస్తూ దోనిలో నేను పడ్డ అవస్థ ఇప్పటికీ మర్చిపోలేదు.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకు. నీకు ఈత రాదు, కార్తీక్‌కు స్విమ్మింగ్‌పూల్ ఈత వచ్చు. నన్నడిగితే రెండోదే ప్రమాదం.

1997లో ఒక శుక్రవారం మధ్యాహ్నం మీ మావయ్య మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ చేపలు చూస్తున్నారు. ఆయన గోదావరిలో పుట్టి పెరిగిన మనిషి, ఈత బాగా వచ్చు. చూస్తూ చూస్తూ పగడపు దిబ్బ చివరికి వెళ్లిపోయారు. అక్కడ రెండు దిబ్బల మధ్య సందు ఉంది. ఆ సందుల్లోంచి ఆటుపోట్లకు సముద్రం అటోల్ లోపలికీ బయటికీ పరుగెడుతుంది. పైకి ఏమీ కనపడదు, నురుగు ఉండదు, చప్పుడు ఉండదు. ఆయన చేతులు వేస్తూనే ఉన్నారు, ఒడ్డు మాత్రం దూరమవుతోంది. నేను గట్టు మీద అరుస్తున్నాను. ఇద్దరు కుర్రాళ్లు బొక్కురా, అంటే చిన్న తెడ్ల పడవ, వేసుకుని వెళ్లి పట్టుకొచ్చారు. వాళ్లలో ఒకడు నా తొమ్మిదో తరగతి విద్యార్థి.

ఆ సాయంత్రం పక్కింటి ఆవిడ వచ్చింది. నేనామెను ధత్తా అనేదాన్ని, వాళ్ల మాటలో అక్క అని. ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఇసక మీద నీళ్లు లేత ఆకుపచ్చగా ఉన్నచోట చూపించి, పిల్లలు ఆడేది ఇక్కడ అంది. గోధుమరంగు మచ్చలున్నది పగడం, అక్కడ కాలు పెట్టకు. ఆ తర్వాత గీత గీసినట్టు ముదురు నీలం మొదలవుతుంది, అది లోతు. రెండు గోధుమరంగు పట్టీల మధ్య నీలం నాలుకలా లోపలికి వచ్చినచోట అసలు దిగకు. అప్పుడు ఒక కొబ్బరి పీచు తునక తీసి నీళ్లలో విసిరింది. ఇద్దరం నిలబడి చూశాం. అది కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా పక్కకు జరిగి, ఉన్నట్టుండి వేగం అందుకుని నీలం వైపు వెళ్లిపోయింది. దిగేముందు ప్రతిసారీ ఇలా చూడు, పీచు ఎటు వెళ్తే నువ్వూ అటే వెళ్తావు అంది. ఆ తర్వాత ఆరేళ్లు అలా చూడకుండా నేను నీళ్లలో అడుగు పెట్టలేదు.

నువ్వూ అలాగే చెయ్యి. నీ వరకు లైఫ్‌జాకెట్ లేకుండా నడుము లోతు దాటొద్దు. కళ్లకు అద్దాల మాస్కు పెట్టుకుని నీళ్లలో చేపలు చూడాలంటే గెస్ట్‌హౌస్ మనిషిని వెంట తీసుకుని వెళ్లు. ఏ వేళకు నీళ్లు ఎటు లాగుతాయో ఫోన్‌లో యాప్ కంటే జెట్టీ మీద కూర్చునే ముసలాయనకు బాగా తెలుసు. కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకో. రాయిలాగే ఉండే చేప ఒకటుంది, దాని ముళ్లల్లో విషం. సముద్రపు ముళ్లబంతి గుచ్చుకుంటే ముల్లు పాదంలోనే విరిగిపోతుంది. ఎండ కూడా మన ఎండ కాదు, భూమధ్యరేఖ ఎండ, తెల్లటి ఇసక మీంచి కింద నుంచి కూడా కొడుతుంది. వీపు మీద పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీముల బాధ సగం తప్పుతుంది.

దక్షిణ ఆరిలో తిమింగల సొరచేపలు ఏడాది పొడుగునా కనిపిస్తాయి. అది పళ్లతో కొరికేది కాదు, నోరు తెరుచుకుని నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తినే పెద్ద సాధు ప్రాణి. పడవవాళ్లు తీసుకెళ్తారు. వెళ్లు, తప్పకుండా చూడు. కానీ ఒక్క చేపను పది పడవలు చుట్టుముట్టి ఉంటే, మేం ఆగుతాం అని చెప్పే ధైర్యం కూడా ఉండాలి. ముట్టుకోవడం, దానికి ఎదురుగా ఈదడం వద్దు.

పగడం మీద నిలబడొద్దని ఎందుకంత గట్టిగా చెబుతున్నానో కూడా చెప్పాలి. 1998లో మేం అక్కడే ఉన్నాం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు స్నానానికి కాచినట్టు వెచ్చగా అయ్యాయి. ఎల్‌నినో అని, అంటే కొన్నేళ్లకోసారి సముద్రం మామూలు కంటే వేడెక్కడం అని, మీ మావయ్య పిల్లలకు పాఠం చెప్పారు. అంతకుముందు ఊదా, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉన్న దిబ్బ కొన్ని వారాల్లో ముగ్గుపిండి పోసినట్టు తెల్లబడింది. చూడటానికి అందంగా ఉంది. చచ్చిపోతోందని తర్వాత తెలిసింది. ఇంకొన్నాళ్లకు దాని మీద నాచు పట్టి మసకబారింది. మళ్లీ 2016లోనూ అలాగే అయింది. మొత్తం దేశం సగటున సముద్రానికి మీటరున్నర ఎత్తులో ఉంది. సహజంగా ఎత్తయిన చోటు కూడా రెండున్నర మీటర్లు దాటదంటారు. ఆ పగడపు దిబ్బే వాళ్ల కరకట్ట. నీ కాలి కింద విరిగేది ఒక కొమ్మే కావచ్చు, అది ఆ ఎత్తుకు పెరగడానికి ఏళ్లకేళ్లు పట్టి ఉండొచ్చు. ఒడ్డున దొరికే పగడపు ముక్కలు కూడా తెచ్చుకోవద్దు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. అక్కడి గవ్వలు ఒకప్పుడు ఓడల్లో బెంగాల్‌కు వెళ్లి డబ్బుగా చెలామణి అయ్యేవి. మనం అష్టాచెమ్మా ఆడే గవ్వలేనమ్మా. అవి కూడా ఫోటో తీసుకుని అక్కడే వదిలేసి రా.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మేం తిరిగొచ్చి ఏడాదైంది. మా పక్క దీవి కంధోళుదూ ఉండటానికి వీల్లేకుండా పోయింది. మూడువేల మందికి పైగా ఉన్న ఊరు. వాళ్లు గుడారాల్లో, పరాయి ఊళ్లలో నాలుగేళ్లు గడిపి, 2008లో దువాఫరు అనే కొత్త దీవికి మారారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఆ ఊరి వాళ్లే. అందుకే దీవిలోని పెద్దవాళ్లు సముద్రం గురించి మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఫోన్ చూసుకోకు.

బట్టల సంగతి. ఊళ్లో తిరిగేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పేవి వేసుకో. నీ చుడీదార్లు భేషుగ్గా సరిపోతాయి. ఈత బట్టలతో ఉండటానికి ఒడ్డున ఒకచోట కంచె కట్టి, బికినీ బీచ్ అని బోర్డు పెడతారు. అక్కడ నీ ఇష్టం. ఆ బోర్డు దాటాక మాత్రం కార్తీక్ కూడా చొక్కా వేసుకోవాలి. కొత్తగా పెళ్లయినవాళ్లు, చెయ్యి పట్టుకుని నడవాలనిపిస్తుంది, తప్పు లేదు. వీధిలో అంతకు మించి వద్దు. ప్రార్థన వేళ దుకాణాలు కాసేపు మూస్తారు. బయట అరుగు మీద కూర్చుని ఆగు, మళ్లీ తెరుస్తారు. రంజాన్ నెలలో అయితే పగలు ఊళ్లో హోటళ్లు మూసే ఉంటాయి. మీరు వెళ్లేసరికి ఆ నెల రాదులే.

తెల్లవారి ఆరింటికి ఒక్కసారైనా లేచి వీధిలోకి వెళ్లు. అప్పుడే నీకు ఆ ఊరు కనిపిస్తుంది. ఆడవాళ్లు కొబ్బరి ఈనెల చీపుళ్లతో ఇసక వీధులు ఊడుస్తుంటారు. మన పల్లెలో కళ్లాపి వేళకు వినిపించే చప్పుడే. ఊడ్చాక ఇసక మీద గీతలు పడతాయి, ఆ గీతల మీద నడవాలంటే నాకు మనసొప్పేది కాదు. గోడల మీంచి మునగచెట్లు తొంగి చూస్తుంటాయి. మునగను వాళ్లు మురంగా అంటారు, ఆకు కూర వండుతారు. ఇళ్ల ముందు ఇనుప చట్రానికి తాడు అల్లిన కుర్చీలు వరసగా ఉంటాయి, వాటిని జోలి అంటారు. మన జోలె గుర్తొస్తుంది కదూ. ఎవరైనా కూర్చోమంటే కూర్చో. అస్సలాము అలైకుం అని పలకరించు. హాలు కిహినే అంటే ఎలా ఉన్నారు అని, రంగళు అంటే బాగున్నాం అని. ఆ ళ పలకడానికి తెల్లవాళ్లు నానా తంటాలు పడతారు. మనకు నాలుక మీదే ఉంది. షుకురియ్యా అంటే థాంక్స్. ఈ నాలుగు మాటలతో నీకు ఒక గ్లాసు చాయ్ ఖాయం. ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫోటో తీయకు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, లోపలికి వెళ్లి మంచి బట్టలు వేసుకుని కూడా వస్తారు.

వాళ్ల రాజకీయాలు, మన రాజకీయాలు చాయ్ దగ్గర ఎత్తకు. 2024 జనవరిలో సోషల్ మీడియాలో రెండు వైపులా ఎన్నేసి మాటలు అనుకున్నారో నాకు ఇంకా బాధే. 1988 నవంబరు 3న మాలేలో తిరుగుబాటు జరిగితే ఆ రాత్రికే మన సైన్యం వెళ్లింది. 2014 డిసెంబరులో మాలేలో మంచినీళ్ల ప్లాంటు తగలబడితే మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. పెద్దవాళ్లు అవి మర్చిపోలేదు, వాళ్లంతట వాళ్లే చెబుతారు. నువ్వు మాత్రం గుర్తు చేయకు.

నీళ్లు అన్నాను కాబట్టి చెబుతున్నాను, అక్కడ గుక్కెడు మంచినీళ్లు కూడా వానవో, సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవో. కొళాయి వదిలేసి పళ్లు తోముకోకు. ప్లాస్టిక్ సీసాలు, షాంపూ డబ్బాలు తిరిగి తెచ్చేసుకో. చిన్న దీవిలో చెత్త వేయడానికి చోటే తక్కువ.

నువ్వు మాంసం తినవు, చేప వాసన కూడా పడదు. అక్కడ వంటింట్లో చేప లేని రోజు ఉండదు. పొద్దున్నే మస్ హుని, అంటే ట్యూనా చేప, కోరిన కొబ్బరి, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం కలిపింది, రోషీ అనే చపాతీతో తింటారు. మధ్యాహ్నం గరుధియా అనే చేప చారు. నూనెలో వేగిన బజియాలోనూ లోపల చేపే ఉంటుంది. మన బజ్జీ అనుకుని కొరుకుతావేమో, చూసుకో. అందుకని వెజిటేరియన్ అన్న ఒక్క మాటతో సరిపెట్టకు. చేప వద్దు, చేప పొడి వద్దు, చేప చారు పోసి వండినదీ వద్దు అని మూడూ విడివిడిగా రాసి గెస్ట్‌హౌస్‌కు ఇప్పుడే పంపు. పప్పు కూర, గుమ్మడికాయ కూర, కొబ్బరి పాలతో వాళ్లు చక్కగా చేస్తారు. ధత్తా నాకోసం సపరేటుగా ఒక చిన్న గిన్నె పెట్టి, దానికి ఎర్ర దారం కట్టింది. ఆ గిన్నెలో ఏడేళ్లలో ఒక్కసారి కూడా చేప తగలనివ్వలేదు. కూర్చుని కొబ్బరి కోరే పీట మీద తాను కూర్చుని, కోరిన కొబ్బరిలో చివరి కాస్తా నాకు పెట్టేది, చిన్నపిల్లకు పెట్టినట్టు.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. కూతురు ఇప్పుడు మాలేలో నర్సు. తిరిగి వచ్చేరోజు మీ విమానం రాత్రికి అయితే, మధ్యాహ్నం మాలేలో రెండు గంటలు దొరుకుతాయి. ఎయిర్‌పోర్టు నుంచి వంతెన మీదుగా టాక్సీలో వెళ్లిపోవచ్చు. చేపల మార్కెట్, 1650లలో పగడపు రాళ్లతో కట్టిన పాత శుక్రవారం మసీదు చూడండి. మసీదు గోడల మీద చెక్కడం దగ్గరగా చూడు, రాయి అంటే నమ్మలేవు. ఆ తర్వాత ఆ అమ్మాయిని కలిస్తే నాకు సంతోషం. తనకు నీ గురించి ఇవాళే మెసేజ్ పెట్టాను, నంబరు మీ నాన్నకు ఇచ్చాను.

తనకు చిన్నప్పుడు నేను చేసే కందిపొడి అంటే ప్రాణం. దుకాణంలో సీలు వేయించిన ప్యాకెట్లు రెండు తెప్పిస్తున్నాను, ఒకటి నీకు, ఒకటి తనకు. ఆదివారం మీ నాన్న వస్తాడుగా, ఆయన చేతికి ఇస్తాను. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది కావాలి అక్కడ, మీ మావయ్యది పాతది ఒకటుంది, అదీ పంపిస్తున్నాను. స్పీడ్‌బోటు టైము ఖాయమయ్యాక నాకు ఒక ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
అత్తయ్య